ఫ్రస్ట్రేటెడ్ మ్యాగ్నెట్ల కోసం ఏసీ ససెప్టిబిలిటీ సెటప్: బాగా వాడాక రాస్తున్న రివ్యూ

క్రయోస్టాట్‌లో (శాంపిల్‌ని బాగా చల్లబరిచే పరికరం) పెట్టుకునే ఏసీ ససెప్టిబిలిటీ ఆప్షన్ (ఊగే చిన్న ఫీల్డ్‌కి పదార్థం ఎంత మ్యాగ్నెటైజ్ అవుతుందో కొలిచేది) కొందామా వద్దా, కొంటే దేనికి ఎక్కువ డబ్బు పెట్టాలి అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. అందులోనూ ఫ్రస్ట్రేటెడ్ మ్యాగ్నెట్ల మీద, అంటే పైరోక్లోర్లు, కగోమే, త్రిభుజాల లాటిస్ (పరమాణువుల అమరిక) లాంటి వాటి మీద పని చేసేవాళ్లకి. మామూలు ఫెర్రోమ్యాగ్నెట్‌కి క్యూరీ టెంపరేచర్ ఎక్కడుందో చూసుకోవడానికైతే ఏ సెటప్ అయినా సరిపోతుంది, దానికి రివ్యూలు చదవక్కర్లేదు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎవరిదైనా లోపల డిజైన్ దాదాపు ఒకటే, నేను చెప్పే మంచీ చెడూ కూడా చాలావరకు అన్నిటికీ వర్తిస్తాయి.

అసలు ఈ పదార్థాల్లో ఏం ప్రత్యేకం అంటే, త్రిభుజం మూలల్లో మూడు స్పిన్లు (పరమాణువుల్లోని చిన్న అయస్కాంతాలు) ఉండి ఏ రెండు తీసుకున్నా ఒకదానికొకటి ఎదురు దిక్కులో ఉండాల్సి వస్తే, రెండు సర్దుకున్నాక మూడోదానికి ఎటు తిరిగినా ఇబ్బందే. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు. అలా తక్కువ ఎనర్జీ ఉన్న స్థితులు లెక్కలేనన్ని మిగిలిపోతాయి. వానియర్ 1950లోనే త్రిభుజాల ఐసింగ్ లాటిస్‌కి (స్పిన్లు రెండే దిక్కుల్లో తిరగగలిగేది) సున్నా కెల్విన్ దగ్గర కూడా ఎంట్రోపీ మిగులుతుందని లెక్క కట్టి చూపించాడు. మంచుగడ్డలో ప్రోటాన్ల కోసం పౌలింగ్ 1935లో వేసిన లెక్కే స్పిన్ ఐస్‌కి కూడా పనికొచ్చింది. 1997లో హోల్మియం టైటనేట్‌లో స్పిన్ ఐస్ అనే మాట వచ్చింది, 1999లో డిస్ప్రోసియం టైటనేట్ హీట్ కెపాసిటీ కొలిచి ఆ మిగిలిన ఎంట్రోపీని చూపించారు. ప్రతి టెట్రాహెడ్రాన్‌లో రెండు స్పిన్లు లోపలికి, రెండు బయటికి. ఈ రూల్‌ని పాటించే అమరికలు కోకొల్లలు, కానీ ఒక అమరిక నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే మధ్యలో రూల్ తప్పాలి, దానికి ఎనర్జీ ఖర్చవుతుంది, చలి పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెట్టుకునే స్తోమత ఉండదు. నెమ్మది అంతా అక్కడినుంచే వస్తుంది. కాబట్టి మనం కొనే యంత్రం కొలవాల్సింది మ్యాగ్నెటైజేషన్ ఎంతుందనే కాదు, అది కదలడానికి ఎంత టైం తీసుకుంటోందనేది కూడా.

సెటప్ విషయానికొస్తే సింపుల్. ఒక డ్రైవ్ కాయిల్ చిన్న ఏసీ ఫీల్డ్ ఇస్తుంది, లోపల ఒకదానికొకటి వ్యతిరేకంగా చుట్టిన రెండు పికప్ కాయిల్స్, శాంపిల్ ఒకదాంట్లో ఉంటుంది, తేడా సిగ్నల్‌ని లాక్-ఇన్ (డ్రైవ్ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ని మాత్రమే ఏరి తీసే యాంప్లిఫైయర్) తీసుకుని ఫేజ్‌లో ఉన్న భాగం, తొంభై డిగ్రీలు వెనకున్న భాగం విడదీసి ఇస్తుంది. మొదటిది కై ప్రైమ్, రెండోది కై డబుల్ ప్రైమ్. స్పిన్లు డ్రైవ్‌ని అందుకోలేక వెనకబడినప్పుడు రెండోది పెరుగుతుంది, అది పీక్ అయ్యే ఫ్రీక్వెన్సీ తెలిస్తే రిలాక్సేషన్ టైం చేతికొచ్చినట్టే, ఒకటిని రెండు పై ఇంటూ ఫ్రీక్వెన్సీతో భాగిస్తే చాలు. నేను వాడేది 10 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా పోయే రకం. అంటే సుమారు 16 మిల్లీసెకన్ల నుంచి 16 మైక్రోసెకన్ల దాకా ఉన్న కిటికీ. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, రివ్యూ మొత్తం వీటి చుట్టూనే తిరుగుతుంది.

బాగున్నవి ముందు. డిస్ప్రోసియం టైటనేట్ పెడితే ఈ మెషీన్ నిజంగా మెరిసిపోతుంది. డిస్ప్రోసియం అయాన్ మూమెంట్ దాదాపు 10 బోర్ మ్యాగ్నెటాన్లు, సిగ్నల్ అంత పెద్దది కాబట్టి రెండు మూడు మిల్లీగ్రాముల క్రిస్టల్ చాలు. 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల కొలిస్తే 16 కెల్విన్ దగ్గర ఒక ఫ్రీజింగ్ గుర్తు కనిపిస్తుంది, దాన్ని ఫ్రీక్వెన్సీతో పాటు ఫాలో అవుతూ పోతే సుమారు 220 కెల్విన్ అడ్డంకి (ఎనర్జీనే కెల్విన్లలో చెప్పడం) దాటాల్సిన థర్మల్ యాక్టివేషన్ బయటపడుతుంది. ఇంకా చల్లబరిస్తే ఆర్హీనియస్ గీత (అడ్డంకిని వేడితో దాటే లెక్క) ప్రకారం టైం విపరీతంగా పెరగాలి కదా, పెరగదు, కొన్ని మిల్లీసెకన్ల దగ్గర చదునైపోతుంది, స్పిన్లు గోడ ఎక్కడం మానేసి టన్నెలింగ్‌తో తిరగడం మొదలుపెడతాయి. మళ్లీ 2 కెల్విన్ కిందకి వెళ్తే నిటారుగా పైకి లేస్తుంది. 2001, 2004ల్లో వచ్చిన పేపర్లలో ఉన్న ఈ మూడు ముక్కల కర్వ్‌ని మన ల్యాబ్‌లో మన క్రిస్టల్ మీద మొత్తం చూసుకోవచ్చు, ఆ చదును భాగం పీక్ సరిగ్గా పదుల హెర్ట్జ్‌లో పడుతుంది కాబట్టి కిటికీ లోపలే ఉంటుంది. ఇంత చిన్న డబ్బాలో పెట్టి ఇంత ఫిజిక్స్ చూపించే కొలత నాకు తెలిసి ఇంకోటి లేదు. స్పీడ్ కూడా బాగుంది, ఒక టెంపరేచర్ దగ్గర ఆగి పది పన్నెండు ఫ్రీక్వెన్సీలు తీయడానికి నిమిషాలే పడుతుంది, కోల్-కోల్ ప్లాట్ (కై ప్రైమ్‌కి ఎదురుగా కై డబుల్ ప్రైమ్) గీస్తే అర్ధవృత్తం ఎంత నలిగిందో చూసి రిలాక్సేషన్ టైంలు ఎంత వెడల్పుగా పరుచుకున్నాయో చెప్పేయొచ్చు.

ఇప్పుడు అసలు కంప్లైంట్. బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో వేసేది సెన్సిటివిటీ, తర్వాత గరిష్ఠ ఫ్రీక్వెన్సీ. మన పనికి ఈ రెండూ అంత ముఖ్యం కాదు. ముఖ్యమైనది కింది అంచు, అంటే ఎంత తక్కువ ఫ్రీక్వెన్సీ దాకా దిగగలదు అనేది. 10 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే 16 మిల్లీసెకన్లకి మించి నెమ్మదైనది ఏదీ సరిగ్గా కనపడదు. డిస్ప్రోసియం టైటనేట్ 1 కెల్విన్ కిందకి పోయేసరికి సెకన్లలోకి వెళ్తుంది, అర కెల్విన్ దగ్గర నిమిషాలు దాటిపోతుంది, అక్కడ ఈ కాయిల్స్ చూసేది కై ప్రైమ్ చచ్చిపోవడం మాత్రమే, పీక్ ఎక్కడుందో తెలీదు. స్క్విడ్ (చాలా సున్నితమైన సూపర్‌కండక్టింగ్ ఫ్లక్స్ సెన్సర్) మీద నడిచే ఏసీ అయితే 0.1 హెర్ట్జ్ దాకా దిగుతుంది, అది 1.6 సెకన్లు, చాలా తేడా. కాయిల్‌లో వచ్చే వోల్టేజ్ ఫ్రీక్వెన్సీతో పాటు తగ్గిపోతుంది కాబట్టి పికప్ కాయిల్‌తో కిందకి దిగడం కష్టం, స్క్విడ్ ఫ్లక్స్‌నే చూస్తుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు. అదే బడ్జెట్‌లో 10 కిలోహెర్ట్జ్ కావాలా 0.1 హెర్ట్జ్ కావాలా అని ఎవరైనా అడిగితే ఫ్రస్ట్రేటెడ్ మ్యాగ్నెట్ల మనిషి ఎప్పుడూ 0.1 వైపే చూడాలి అని నా గట్టి అభిప్రాయం. కాకపోతే ఓపిక కావాలి, 0.1 హెర్ట్జ్ అంటే ఒక సైకిల్‌కే 10 సెకన్లు, నాలుగు సైకిళ్లు సగటు తీయాలి, మళ్లీ పొజిషన్ మార్చి తీయాలి, అలా ఒక్కో పాయింట్ నిమిషాలు తినేస్తుంది. ఇంకా కిందకి, మిల్లీహెర్ట్జ్ అంటారా, ఒక సైకిలే పదహారు నిమిషాల పైన, అక్కడ ఏసీ మానేసి ఫీల్డ్ తీసేసి మ్యాగ్నెటైజేషన్ టైంతో పాటు ఎలా పడిపోతుందో డీసీలో చూసుకోవడమే మేలు.

రెండో కంప్లైంట్ సాఫ్ట్‌వేర్ మీద, ఇది నాకు ఎక్కువ బాధ కలిగించేది. టెంపరేచర్ స్టేబుల్ అయింది అని పచ్చ లైట్ వెలిగేది థర్మామీటర్‌ని చూసి, శాంపిల్‌ని చూసి కాదు. ఈ ఆక్సైడ్లు చలిలో వేడిని చాలా మెల్లగా మోస్తాయి, పౌడర్ అయితే గింజకీ గింజకీ మధ్య హీలియం గ్యాస్ తప్ప ఏమీ ఉండదు. ఇంకా పెద్ద విషయం, లాటిస్ చల్లబడినా స్పిన్లు చల్లబడినట్టు కాదు. డిస్ప్రోసియం టైటనేట్ కథే చూడండి. 2013లో ఒక గ్రూప్ అర కెల్విన్ కింద స్పెసిఫిక్ హీట్‌ని రోజుల తరబడి ఆగుతూ కొలిచి, పౌలింగ్ ఎంట్రోపీ మిగలట్లేదు, ఇంతకుముందు కొలిచినవాళ్లు సరిపడా ఆగలేదు అంది. 2018లో ఇంకో గ్రూప్ మళ్లీ చూసి కాదు, పౌలింగ్ విలువే నిలబడుతోంది అని వాదించింది. అంటే ఎంతసేపు ఆగాలి అన్న ప్రశ్నే పెద్ద పెద్ద ల్యాబుల మధ్య చర్చ. అలాంటప్పుడు ఈ డబ్బాతో వచ్చిన డిఫాల్ట్ వెయిట్ టైం మీద నమ్మకం పెట్టి రాత్రికి సీక్వెన్స్ పెట్టేసి వెళ్లిపోతే వచ్చే డేటా నాకు ససేమిరా పనికిరాదు. చేయాల్సిందల్లా ఒకే పాయింట్‌ని చల్లబరుస్తూ ఒకసారి, వేడి చేస్తూ ఒకసారి కొలిచి రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో చూడటం. పడకపోతే ఆ కింద ఉన్న పాయింట్లన్నీ అనుమానమే. సాఫ్ట్‌వేర్‌లో ఈ చెక్ ఒక బటన్‌గా ఉండాలి, లేదు, స్క్రిప్ట్ రాసుకోవాలి.

వెయిటింగ్ అంటే గుర్తొచ్చింది, ఆగడం ఇబ్బంది మాత్రమే కాదు, ఆగితేనే కొన్ని విషయాలు కనిపిస్తాయి. 1998లో కాడ్మియం క్రోమియం ఇండియం సల్ఫైడ్ మీద చేసిన మెమరీ ప్రయోగం నాకు చాలా ఇష్టం. అది స్పిన్ గ్లాస్, అంటే స్పిన్లు గజిబిజి దిక్కుల్లో గడ్డకట్టే పదార్థం, అందులో అలా గడ్డకట్టే గ్లాస్ టెంపరేచర్ 16.7 కెల్విన్, చల్లబరుస్తూ మధ్యలో 12 కెల్విన్ దగ్గర గంటల తరబడి ఆపితే కై డబుల్ ప్రైమ్ మెల్లగా దిగుతుంది, ఇంకా చల్లబరిస్తే ఏమీ జరగనట్టు పాత గీత మీదకి వచ్చేస్తుంది, కానీ తిరిగి వేడి చేసేటప్పుడు సరిగ్గా 12 దగ్గర మళ్లీ గుంట పడుతుంది. పదార్థం తాను ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుంది అన్నమాట. ఈ సెటప్‌తో అలాంటి ప్రయోగం చేయొచ్చా అంటే చేయొచ్చు, టెంపరేచర్ కంట్రోల్ అందుకు సరిపడా బాగుంది, ర్యాంప్ రేట్ కచ్చితంగా పాటిస్తుంది, ఓవర్‌షూట్ లేకుండా ఆగుతుంది. ఇక్కడ పూర్తి మార్కులు.

అలాగే కాల్షియం కోబాల్ట్ ఆక్సైడ్, 3-2-6 రకం. ఐసింగ్ గొలుసులు త్రిభుజాల్లో పేర్చి ఉంటాయి, 25 కెల్విన్ దగ్గర ఆర్డర్ అవుతుంది, చల్లగా ఉన్నప్పుడు ఫీల్డ్ పెంచుతూ పోతే దాదాపు 1.2 టెస్లాకి ఒక మెట్టు చొప్పున మ్యాగ్నెటైజేషన్ ఎగబాకుతుంది, ఆ మెట్లు మనం ఫీల్డ్ ఎంత వేగంగా పెంచుతున్నామన్నదాన్ని బట్టి మారిపోతాయి. 10 కెల్విన్ చుట్టూ ఒక మ్యాగ్నెటిక్ ఆర్డర్ నుంచి ఇంకోదానికి గంటల తరబడి మెల్లగా మారుతుందని న్యూట్రాన్లతో 2011లో చూపించారు. హీలియం-3 (ఇంకా కిందకి చల్లబరిచే ఇన్సర్ట్) అవసరం లేకుండా మామూలు క్రయోస్టాట్‌లోనే స్లో డైనమిక్స్ నేర్చుకోవాలనుకునే కొత్త స్టూడెంట్స్‌కి దీనికి మించిన శాంపిల్ లేదు. సెటప్ కొన్న మొదట్లో దీనితోనే మొదలుపెట్టమంటాను.

ఫేజ్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. స్పిన్ గ్లాస్‌లో కై డబుల్ ప్రైమ్ చాలాసార్లు కై ప్రైమ్‌లో కొన్ని శాతాలే ఉంటుంది. ఫేజ్ ఒక్క డిగ్రీ తప్పితే కై ప్రైమ్‌లో 1.7 శాతం అబద్ధంగా అటు చేరిపోతుంది. ఎలక్ట్రానిక్స్ వల్ల, చుట్టూ ఉన్న మెటల్‌లో ఎడ్డీ కరెంట్ల వల్ల ఈ తప్పు ఫ్రీక్వెన్సీని బట్టి, టెంపరేచర్‌ని బట్టి మారుతుంది. మెషీన్ తనంతట తానే శాంపిల్‌ని రెండు కాయిల్స్ మధ్య జరిపి, క్యాలిబ్రేషన్ కాయిల్‌తో ప్రతి పాయింట్‌కీ సరిచేసుకుంటుంది, ఆ పద్ధతి బాగుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో నమ్మొచ్చు. 5 కిలోహెర్ట్జ్ దాటాక మాత్రం నేను దాని మాట నమ్మను. డిస్ప్రోసియం ఆక్సైడ్ పౌడర్ లాంటి, ఆ ఫ్రీక్వెన్సీల్లో కై డబుల్ ప్రైమ్ సున్నా రావాల్సిన పారామ్యాగ్నెట్ పెట్టి అది సున్నా వస్తోందో లేదో చూసుకోవాలి. ఎక్కువమంది ఈ పని ఇన్‌స్టలేషన్ రోజు చేసి మళ్లీ ముట్టుకోరు.

డీమ్యాగ్నెటైజేషన్ (శాంపిల్ ఆకారాన్ని బట్టి లోపలి ఫీల్డ్ తగ్గడం) సంగతి ఇంకా దారుణం, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ దాన్ని అసలు పట్టించుకోదు, చాలా పేపర్లు కూడా దాటేస్తుంటాయి. లెక్క చూడండి. డిస్ప్రోసియం టైటనేట్‌కి ఎస్ఐ యూనిట్లలో క్యూరీ స్థిరాంకం దాదాపు 4 కెల్విన్, అంటే 2 కెల్విన్ దగ్గర ససెప్టిబిలిటీ సుమారు 2. గుండ్రటి శాంపిల్‌కి డీమ్యాగ్ ఫ్యాక్టర్ మూడో వంతు. రెండూ కలిపితే మనకి కనిపించే రిలాక్సేషన్ టైం అసలుదాంట్లో 60 శాతమే. చలి పెరిగేకొద్దీ ససెప్టిబిలిటీ పెరిగి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అంటే కర్వ్ ఎత్తే కాదు, వాలు కూడా మారిపోతుంది, దాన్నుంచి తీసిన అడ్డంకి ఎనర్జీ కూడా తప్పే. ఒకే క్రిస్టల్‌ని పలకలా కోసినవాళ్లకీ సూదిలా కోసినవాళ్లకీ రెండు రకాల ఫిజిక్స్ వచ్చినట్టు కనిపించడానికి ఇదే కారణం. సూదిలా కోసి పొడవు వైపు ఫీల్డ్ ఇస్తే సగం బాధ పోతుంది, మిగతాది రియల్, ఇమాజినరీ భాగాలు రెండూ కలిపి కాంప్లెక్స్ సంఖ్యలుగా సరిచేయాలి, కై ప్రైమ్‌ని ఒక్కదాన్నే సరిచేస్తే సరిపోదు.

స్పిన్ గ్లాస్‌లా ప్రవర్తించే యిట్రియం మాలిబ్డేట్ లాంటివి కొలిచేవాళ్లకి ఒక మాట. దాని ఫ్రీజింగ్ 22 కెల్విన్. ఫ్రీక్వెన్సీ పది రెట్లు పెంచితే పీక్ ఎంత జరుగుతుందో చూసి మైడోష్ పారామీటర్ తీస్తారు కదా, రాగిలో మాంగనీస్ లాంటి అసలు సిసలు స్పిన్ గ్లాస్‌కి అది 0.005 చుట్టూ ఉంటుంది. 22 కెల్విన్ దగ్గర 0.005 అంటే పది రెట్ల ఫ్రీక్వెన్సీకి 0.11 కెల్విన్ జరగడం. కాబట్టి పాయింట్ల మధ్య దూరం అరకెల్విన్ పెట్టి ఆ పారామీటర్ రిపోర్ట్ చేస్తే దానికి అర్థం లేదు. ఈ మెషీన్ టెంపరేచర్ స్టెప్ 20 మిల్లీకెల్విన్ పెట్టినా తడబడలేదు, అది నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం.

హీలియం-3 ఇన్సర్ట్ విడిగా కొనాలి, 0.4 కెల్విన్ దాకా దిగుతుంది. స్పిన్ ఐస్ వాళ్లకి తప్పనిసరి అంటాను, ఎందుకంటే 2 కెల్విన్ దగ్గర ఆగిపోతే కథలో ఇంటర్వెల్ దాకానే చూసినట్టు. ఫీల్డ్‌లో చల్లబరిచిన కర్వ్, ఫీల్డ్ లేకుండా చల్లబరిచిన కర్వ్ విడిపోయేది 0.6 కెల్విన్ ప్రాంతంలోనే. కాకపోతే అక్కడ డ్రైవ్ కాయిల్ తానే హీటర్ అవుతుంది, ఫ్రీక్వెన్సీ, ఆంప్లిట్యూడ్ రెండూ పెంచితే బేస్ టెంపరేచర్ పైకి పోతుంది, అందుకే అక్కడ డ్రైవ్ ఫీల్డ్‌ని ఒకటి రెండు ఓర్‌స్టెడ్ దాటకుండా ఉంచడం మంచిది. మోనోపోల్స్ పిక్చర్ (రూల్ తప్పిన చోట్లని విడి అయస్కాంత ధ్రువాల్లా చూడటం) నమ్మేవాళ్లకైతే ఇంకో కారణం కూడా ఉంది, ఫీల్డ్ పెద్దదైతే రెస్పాన్స్ లీనియర్‌గా ఉండదు, అప్పుడు కొలిచేది ససెప్టిబిలిటీ కాదు. ఇంకోటి, పెద్ద ఫీల్డ్ వాడాక సూపర్‌కండక్టింగ్ మ్యాగ్నెట్‌లో కొంత ఫీల్డ్ చిక్కుకుని ఉండిపోతుంది, స్క్రీన్ మీద సున్నా కనిపిస్తుంది కానీ సున్నా కాదు. ఊగిసలాడిస్తూ సున్నాకి తేవాలి, లేదా రోజు మొదట్లోనే జీరో ఫీల్డ్ కొలతలన్నీ పూర్తి చేసుకోవాలి.

ఇది చేయలేని పనులు కూడా తెలిసి కొనాలి. హోల్మియం టైటనేట్‌లో వేడిగా ఉన్నప్పుడు స్పిన్లు ఈ కిటికీకి అందనంత వేగంగా తిరుగుతాయి, అక్కడ న్యూట్రాన్ స్పిన్ ఎకో (న్యూట్రాన్లతో వేగమైన కదలికలు చూసే పద్ధతి) కావాలి, దానితో వచ్చిన అడ్డంకి దాదాపు 290 కెల్విన్. మధ్యలో ఉన్న ఖాళీకి మ్యూవాన్లు (శాంపిల్‌లోకి పంపి లోపలి ఫీల్డ్ చూసే కణాలు) ఉన్నాయి. 2019లో డ్రైవ్ ఫీల్డే లేకుండా స్పిన్ ఐస్ తనంతట తాను చేసే నాయిస్‌ని స్క్విడ్‌తో విన్నారు, అది అద్భుతమైన పని, అలాంటిది ఈ డబ్బాతో కాదు.

నా రేటింగ్ 5కి 3.5. టెంపరేచర్ కంట్రోల్, స్పీడ్, ఆటోమేటిక్ ఫేజ్ కరెక్షన్ కోసం ఆ మూడున్నర. తగ్గించింది కింది ఫ్రీక్వెన్సీ అంచుకి, ఆగడం తెలియని సాఫ్ట్‌వేర్‌కి. మీ శాంపిల్స్ ఎక్కువగా క్రోమియం, కోబాల్ట్ ఆక్సైడ్లు, 2 కెల్విన్ పైన ఫ్రీజ్ అయ్యేవి అయితే నిస్సందేహంగా కొనండి. రేర్ ఎర్త్ పైరోక్లోర్ల మీదే జీవితం అయితే స్క్విడ్ ఏసీ, దానితో హీలియం-3 తీసుకోండి. స్పిన్ సగం ఉన్న రాగి పదార్థాలు అయితేనే ఆ బ్రోషర్ సెన్సిటివిటీ మీకు నిజంగా పనికొస్తుంది.

డెమోకి వచ్చినవాళ్లు తమ సొంత శాంపిల్‌తో అందమైన కర్వ్ చూపిస్తారు, అది చూడకండి. మీ శాంపిల్ ఇచ్చి, మీరు చూడాలనుకుంటున్న అతి తక్కువ టెంపరేచర్ దగ్గర, సెటప్ దిగగలిగే అతి తక్కువ ఫ్రీక్వెన్సీలో, చల్లబరుస్తూ వేడి చేస్తూ రెండు కర్వ్‌లు తీసి ఇమ్మనండి, రా ఫైల్‌తో సహా, ప్రతి కాయిల్ పొజిషన్ రీడింగ్ అందులో ఉండాలి.